సీఎన్‌సీ గురించి చెప్పాలంటే ముందు కరెంటు తీసేయండి

హాబీ ఎగ్జిబిషన్‌లో సీఎన్‌సీ (అంకెల ఆదేశాలతో కంప్యూటర్ నడిపే యంత్రాల) గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారా? స్లయిడ్లు, సాఫ్ట్‌వేర్, తళతళలాడే అల్యూమినియం బొమ్మ అన్నీ ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. మీ ఎదురుగా రిటైరైన టర్నర్ ఉంటాడు, ఇంజనీరింగ్ రెండో ఏడాది అమ్మాయి ఉంటుంది, కొడుకుని భుజానెక్కించుకొచ్చిన తండ్రి ఉంటాడు. ఈ ముగ్గురికీ ఒకేసారి అర్థమయ్యేది చేత్తో తిప్పే హ్యాండిల్ ఒక్కటే.

అందుకే కరెంటు తీసేసి మొదలుపెట్టండి. చిన్న ఎక్స్-వై టేబుల్ మీద కాగితం అతికించి, స్పిండిల్ ఉండాల్సిన చోట పెన్ను బిగించండి. వచ్చినవాళ్లలో ఇద్దర్ని పిలిచి చెరో హ్యాండిలూ ఇచ్చి, కలిసి వృత్తం గీయమనండి. గీత ఎటో పోతుంది, జనం నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత మూడో మనిషి చేతికి ముందే లెక్కగట్టిన అంకెల కాగితమిచ్చి ఒక్కో జతా పైకి చదవమనండి. అంకె వినపడ్డంత వరకే తిప్పి ఆగాలి. ఈసారి వృత్తం పోలిక కనిపిస్తుంది.

చరిత్ర చెప్పడానికి అదే అదను. 1940ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల టెంప్లేట్లు ఇలాగే కోయించాడు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాంక్ స్టూలెన్ పంచ్ కార్డు యంత్రాలతో బిందువులు లెక్కగట్టించేవాడు. ఒకరు అంకెలు చదివితే చెరో హ్యాండిల్ పట్టుకున్న ఇద్దరు టేబుల్ జరిపేవారు. చదివే మనిషి బదులు చిల్లుల టేపునీ, తిప్పే చేతుల బదులు మోటార్లనీ పెట్టి 1952లో ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు మిల్లింగ్ మెషిన్ నడిపి చూపించారు. సీఎన్‌సీ అంటే ఏమిటో మీ ముందున్నవాళ్లు అప్పటికే తమ చేతులతో చేసేశారు.

ఇప్పుడు కరెంటు పెట్టండి, కానీ లోహం జోలికి పోకండి. తలుపు మూసి కూలెంట్ కొడుతుంటే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. పెన్నే ఉండనివ్వండి. పెన్నుని ఎక్స్0 వై20 దగ్గర నిలిపి, బోర్డు మీద 'జి2 ఎక్స్0 వై20 ఐ20 జె0 ఎఫ్300' అని ఒక్క లైను రాసి, దాన్నే నడపండి. మెషిన్‌కి ఆదేశాలిచ్చే జి-కోడ్ ఆరోజుకి అంతే చాలు. కావాలంటే ఒక్క లెక్క చెప్పండి: చుట్టుకి 200 అడుగులేసే స్టెప్పర్ మోటారుకి 5 మి.మీ. ముందుకు జరిపే స్క్రూ తగిలిస్తే ఒక్కో అడుగు 0.025 మి.మీ. ఈ లెక్కకి రిటైరైన టర్నర్ ముందుకు వంగుతాడు, చూడండి.

చేతికివ్వడానికి చెడిపోయిన జాబ్, అంటే కోసిన ముక్క, తీసుకెళ్లండి. స్క్రూకీ నట్టుకీ మధ్య సందు ఎక్కువైన మెషిన్ మీద కోసిన గుండ్రటి బిళ్ల మేలు. చుట్టూ గోరు నడిపిస్తే నాలుగు చోట్ల చిన్న మెట్టు తగులుతుంది. ఏదో ఒక ఇరుసు దిశ మారినచోటల్లా మోటారు తిరిగినా టేబుల్ కదలని ఆ కాసింత క్షణం అక్కడ అచ్చుపడింది. బ్యాక్‌లాష్ గురించి పది నిమిషాలు చెప్పినా ఎక్కనిది ఆ గోటికి ఎక్కుతుంది. నున్నటి జాబ్ చూసినవాళ్లు 'బాగుంది' అని పెట్టేస్తారు, దీన్ని మాత్రం పక్కవాడికి చూపిస్తారు.

మిగిలిన సమయంలో సగం జాబ్ బిగించడం గురించే మాట్లాడండి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతూనే ఉంటారు, మీరు వైస్, క్లాంపుల దగ్గరే నిలబడండి. కొత్తవాళ్ల కట్టర్లు విరిగేది ఎక్కువగా జాబ్ లేచిపోయో, క్లాంపుకి తగిలో. మెషిన్ ఎంతవుతుందని అడిగితే ధర చెప్పకుండా ఏం చేస్తారని అడగండి. ఒక్క బ్రాకెట్ కావాలన్నవాళ్లని నిర్మొహమాటంగా రంపం, ఆకురాయి కొనుక్కోమనండి. మీరు జీరో సెట్ చేసేలోపు వాళ్ల పని అయిపోతుంది. వంపులు తిరిగినది కావాలన్నవాళ్లనీ, ఒకటే యాభై కావాలన్నవాళ్లనీ కూర్చోబెట్టండి.

తిరిగే స్పిండిల్ దగ్గరికి చేతి తొడుగులతో ఎవర్నీ రానివ్వకండి. రక్షణకే కదా అని వాదిస్తారు. కట్టర్‌కి చిక్కిన తొడుగు చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్లద్దాలు ఉండాలి, తొడుగులు, వేలాడే చున్నీలు ఉండకూడదు.

చివరగా ఆ భుజాన కూర్చున్న పిల్లాణ్ని దింపి, వృత్తం సగంలో ఉండగా ఎర్ర బటన్ నొక్కించి పవర్ తీయించండి. పెన్నుని చేత్తో కాస్త పక్కకి జరిపి మళ్లీ మొదలుపెట్టండి. గీత కలవదు. ఎందుకు కలవలేదో మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.