ఐడీవీ తగ్గించండి, సుఖపడండి

కారు ఇన్సూరెన్స్ ఏడాదికోసారి తగిలే దండగ ఖర్చని మీరు ముందే తీర్మానించుకుని ఉంటే మీతో మాకు పేచీ లేదు. పోలీసు ఆపితే చూపించడానికో కాగితం, అంతే కదా. ఆ కాగితాన్ని అందరికంటే చవగ్గా కొట్టేసి, సాయంత్రం లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటాయనతో "నేనెంతకి చేయించానో చెప్పుకోండి చూద్దాం" అనాలంటే ఏం చేయాలో చెబుతాం, వినండి.

పాలసీ గడువు అర్ధరాత్రితో ముగుస్తుందనగా పదకొండింటికి కూర్చోండి. పది రోజుల ముందే మొదలెడితే తీరిక దొరుకుతుంది, తీరిక దొరికితే షరతులు చదవబుద్ధేస్తుంది, చదివితే ప్రీమియం పెరుగుతుంది. రేట్లు పోల్చి చూపే వెబ్‌సైటు ఏదో ఒకటి తెరిచి బండి నంబరూ మీ అసలు ఫోన్ నంబరూ కొట్టండి. తెల్లారి మీరు పళ్లు తోముకుంటుండగానే మొదలవుతుంది: "సార్, మీ కారు రెన్యువల్ ఉంది కదా సార్, బెస్ట్ ప్రైస్ ఇప్పిస్తాను సార్." చేయించేశానమ్మా అంటే "ఎంతకి చేయించారు సార్?" అంటుంది ఆ అమ్మాయి. కారు అమ్మేసినా ఈ ఫోన్లు ఆగవు.

ఆ రాత్రి కుదరకపోతే వదిలేయండి, కొంపలేం మునగవు. గడువు దాటిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయించకపోతే నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది. ఈలోపు మీ బండి ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం, పది లక్షలైనా యాభై లక్షలైనా, మీరే కట్టుకోవాలి. జరిమానా మాత్రం మొదటిసారి దొరికితే రెండు వేలే. ఊరంతా ఆ రెండు వేలకే భయపడుతుంది గనుక మీరూ దానికే భయపడండి.

సరే, సైటు తెరిచారు. ముందు థర్డ్ పార్టీ ప్రీమియం ఏ కంపెనీలో తక్కువో వెతకండి. ఇందులో ఎంతసేపు గడిపితే అంత పుణ్యం. 1000 సీసీ లోపు కార్లకి 2,094, 1500 దాకా 3,416, ఆ పైన 7,897 రూపాయలని 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వమే కట్టేసిన రేట్లివి. ఏ గుమ్మం ఎక్కినా ఒకటే. దీని మీద కూడా "మీకోసం తగ్గించాను సార్" అనే ఏజెంటు దొరికితే ఆయన్ని వదులుకోకండి, అలాంటి కళాకారులు అరుదు. బేరానికి తావున్నదల్లా మీ సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ భాగంలోనే. 2007లో దాని రేట్ల మీద కట్టడి ఎత్తేశారు, అప్పట్నించీ అది రైతు బజారులో వంకాయల బేరమే.

ఇక అసలు కిటుకు ఐడీవీలో ఉంది. మీ కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. కొత్త బండి ధరలోంచి ఏడాది దాటిన కారుకి 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తరుగు తీసి కడతారు. ఐదేళ్లు దాటాక మీరూ వాళ్లూ అనుకున్నంత. తెర మీద దీన్ని జరుపుకోవడానికి ఒక గీత ఇస్తారు. వేలు పెట్టి ఎడమకి లాగండి. ప్రీమియం దిగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేం.

ఆరు లక్షలున్న ఐడీవీని నాలుగున్నరకి దించితే రెండు వేలు మిగిలాయనుకుందాం. కారుని దొంగ ఎత్తుకుపోతే చేతికొచ్చేది నాలుగున్నరే. అయినా మన వీధిలో దొంగతనాలెక్కడివి? యాక్సిడెంట్ సంగతి చూద్దాం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద రాసేస్తారు. ఆరు లక్షల మీదైతే నాలుగున్నర లక్షల బిల్లు దాకా రిపేరే చేయించేవారు. మీరు గీత లాగిన పుణ్యాన 3,37,500 దాటగానే చేతులెత్తేస్తారు. మూడున్నర లక్షలతో లేచి తిరగాల్సిన బండికి బతికుండగానే దినం పెట్టేస్తారన్నమాట. మిగుల్చుకున్న రెండు వేలు భోజనాలకి పనికొస్తాయి.

తర్వాత బోనస్. క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లని బట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా ఐదేళ్లకి 50 శాతం తగ్గింపు. పోయినేడు గేటుకి రాసుకుని డోరు మార్పించిన సంగతి గుర్తున్నా గుర్తులేనట్టే ఉండండి. "క్లెయిమ్ చేశారా?" అన్నచోట "లేదు" నొక్కండి. ఈ మాట అబద్ధమని తేలితే ఓన్ డ్యామేజ్ కింద రావలసినవేవీ రావని చిన్నక్షరాల్లో ఉంటుంది గనుక ఆ క్షణానికి కళ్లజోడు తీసి పక్కన పెట్టండి. కొత్త కంపెనీవాళ్లు పనిగట్టుకుని పాత కంపెనీని అడుగుతారా, వాళ్లకింకేం పనిలేదా అని మీ బావమరిది అంటాడు. నిజమే, ఇవాళ లేదు. మీరు క్లెయిమ్ వేసిన రోజున వాళ్లకి అదే పని.

బోనస్ నిజంగానే 50 శాతానికి చేరిన బుద్ధిమంతులకి వేరే సలహా. గీత పడ్డ బంపర్‌కి మూడు వేల పని ఉంటే వెంటనే క్లెయిమ్ వేయండి. "ఇన్నేళ్లు కట్టాం, ఒక్కసారన్నా వాడుకోకపోతే ఎలా అల్లుడూ" అని మావగారు అంటూనే ఉన్నారాయె. ఆ 50 శాతం వచ్చే ఏడాది సున్నా. ఇక పాత కారు అమ్మేటప్పుడు బోనస్‌ని కూడా కొన్నవాడికే సారె పెట్టి పంపేయండి. బోనస్ బండికి ఉండదు, యజమానికే ఉంటుంది, కాగితం తీసుకుని కొత్త కారుకి తెచ్చుకోవచ్చు అని చెప్పే చాదస్తుల మాట వినకండి.

విడిభాగాల మీద తరుగు కోత లేకుండా చేసే జీరో డెప్ అనే గడిలో టిక్కు తీసేయండి. బంపర్ టు బంపర్ అని ఏజెంట్లనేది దీన్నే. మనకి ఎలాగూ "ఫుల్ ఇన్సూరెన్స్" ఉంది. ఫుల్ అంటే ఎంతో సర్వేయర్ వచ్చాక తెలుస్తుంది. వెనకనుంచి ఆటో తగిలింది, బంపరు 10,000, పెయింటింగు 8,000, క్లిప్పులూ స్క్రూలూ 600, మొత్తం బిల్లు 18,600 అనుకోండి. బంపరు ప్లాస్టిక్, కాబట్టి సగం కోత: 5,000. పెయింటింగు బిల్లులో పావు వంతు రంగు ఖరీదని లెక్కేసి అందులో సగం: 1,000. క్లిప్పులు అసలు లెక్కలోకే రావు. 1500 సీసీ దాకా ఏ క్లెయిమ్‌కైనా తప్పనిసరిగా మీరు పెట్టుకోవలసింది ఇంకో వెయ్యి. వెరసి జీఎస్టీ గొడవ లేకుండానే 7,600 మీ వాటా. రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకీ సగమే. అద్దానికి మాత్రం కోత లేదు. కాబట్టి గుద్దించుకోక తప్పకపోతే అద్దం వైపు గుద్దించుకోండి.

ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక ఎవరికైనా ఉండే ఆత్రమే: స్టార్టవుతుందేమో ఒకసారి చూద్దామని తాళం తిప్పడం. సిలిండర్లలోకి చేరిన నీరు పిస్టన్‌కి లొంగదు, లోపల రాడ్లు వంగిపోతాయి. వరద వల్ల కలిగిన నష్టానికి మామూలు పాలసీలో చోటుంది. తాళం తిప్పడం వల్ల ఇంజిన్ పోతే ఆ యాడ్-ఆన్ లేనివాళ్ల క్లెయిమ్‌లో ఇంజిన్ బిల్లుని కొట్టేస్తారు. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు వానాకాలంలో ఈ ప్రయోగం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. తాళం ఒక్కసారి తిప్పి ఊరుకోకండి, అది గుర్రుమనేదాకా తిప్పండి. టోయింగ్ బండిని పిలిచి తాళం ముట్టుకోకుండా షెడ్డుకి పంపే పిరికివాళ్లని చూసి నవ్వండి.

క్యాష్‌లెస్ గ్యారేజీలు దేశమంతా వేలల్లో ఉన్నాయని ప్రకటనలో చూసి మురిసిపోండి. మీ ఊరి చుట్టుపక్కల ఒక్కటైనా ఉందా అని మాత్రం పాలసీ కొనేముందు వెతక్కండి, మనసు పాడవుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా క్లెయిమ్ తిరస్కరించారంటే అన్యాయమే మరి. అప్పుడు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం, నెల గడిచినా జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాసుకోవడం అనే దారి ఒకటుంది. రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఇంత చవకైన దాన్ని ఎవరు నమ్ముతారు? మీరు కంపెనీ పేరు పెట్టి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నాలుగు వాయిస్ మెసేజీలు వదలండి. పక్క ఫ్లాటాయన "అందులో ఎంతకి చేయించారు?" అని అడుగుతాడు. చెప్పండి, ఆయన రెన్యువల్ కూడా ఈ వారమే.