సేమ్ టు సేమ్ సార్!

ఫ్యాక్టరీలో ఒక పార్టుకి నూకలు చెల్లాలంటే మూడు గడులు చాలు. కంపెనీ లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పార్టు వివరాలుండే మెటీరియల్ మాస్టర్ తెరిచి ఎంఆర్‌పీ, అంటే సరుకు అవసరాల ప్లానింగు, పేజీకి వెళ్లాలి. ఇక మీదట ఇది ఆగిపోతుందని ఒక గుర్తు, ఏ తేదీ నుంచో ఒక గడి, దాని బదులు వచ్చేదేమిటో ఇంకో గడి. సేవ్ కొడితే ప్లానింగు వారి బాధ్యత తీరిపోయినట్టే. రాత్రికి ప్లానింగు రన్ నడుస్తుంది, తెల్లారేసరికి కొత్త పార్టు కొలువు తీరుతుంది. మీటింగులో ఎవరైనా నసిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "సిస్టమ్ చూసుకుంటుంది. రెండూ సేమ్ టు సేమ్ సార్!"

సిస్టమ్‌ని ఏమీ అనను, పాపం. దాని బుద్ధి మంచిదే. గడువు తేదీ దాటినా పాత సరుకు ఉన్నంతవరకు దాన్నే వాడమంటుంది. ఆ సరుకుతో తీరని అవసరాన్ని మాత్రమే కొత్త పార్టు మీదికి మళ్లిస్తుంది. కాకపోతే దానికి తెలిసిన సరుకు తెర మీది అంకె. తెర మీద 40 ఉంటే అరలో 31 ఉంటాయి. రెండు డిజైన్ వాళ్లు చీటీ రాయకుండా పట్టుకెళ్లారు, మూడు సర్వీసు ఇంజనీరు బ్యాగులో ఊళ్లు తిరుగుతున్నాయి, నాలుగు ఎర్ర ట్యాగు తగిలించుకుని రిజెక్షన్ ర్యాకులో పడున్నాయి. ఇదంతా స్టోర్‌కీపరుకి నోటికొచ్చు. ఆయన్ని మీటింగుకి పిలవరు.

పోనీ అంకెలు సరిపోయాయే అనుకుందాం. చర్లపల్లిలోనో జీడిమెట్లలోనో కంట్రోల్ ప్యానెళ్లు కట్టే షెడ్డు ఒకటి ఊహించుకోండి. మోటార్లకి కరెంటు కలిపి తెంచే కాంటాక్టర్ల కంపెనీ పాత సిరీస్ ఆపేసి కొత్తది తెచ్చింది. అవే ఆంపియర్లు, అదే కాయిల్ వోల్టేజి, అదే 35 మిల్లీమీటర్ల డిన్ రైలు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. రైలుకి తగిలించాక అసలు కథ మొదలవుతుంది. కింద బిగించాల్సిన పాత ఓవర్‌లోడ్ రిలే కాళ్లు కొత్తదాని టెర్మినళ్లలో దూరవు. పక్కన క్లిప్పయ్యే ఆగ్జిలరీ బ్లాకు క్లిప్పవదు. టెర్మినళ్లు కాస్త జరిగాయి కాబట్టి ముందే కొలిచి కోసి, లగ్గులు కొట్టి పెట్టుకున్న వైర్లు వేలెడు పొట్టివవుతాయి. అల్లుణ్ని మార్చారు గానీ వియ్యాలవారు పాతవాళ్లే! ఫిట్టరు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి టీకి వెళ్తాడు. అంతకు మించి అతను చేయగలిగిందీ లేదు.

చిత్రమేమిటంటే పార్టుకి చుట్టపక్కాలుంటాయని సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. ఇది పోతే దీంతోపాటు ఇవీ పోవాలి, అది వస్తే దాంతోపాటు అవీ రావాలి అని పార్టుల జాబితాలో, అంటే బీవోఎంలో, గ్రూపులు కట్టే ఏర్పాటు అందులో ఎప్పటినుంచో ఉంది. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లు దాన్ని నోట్సులో రాసుకునే ఉంటారు. అయితే ఆ గ్రూపు నింపాలంటే దేనికి ఏది తగులుతుందో తెలియాలి, అది తెలియాలంటే కుర్చీ దిగి షెడ్డులోకి వెళ్లాలి. అందుకని ఖాళీగా వదిలేస్తారు. కొత్త కాంటాక్టర్లు లారీ దిగుతాయి, వాటి వెనకే ఇక దేనికీ తగలని పాత రిలేలు కూడా నిష్ఠగా దిగుతూనే ఉంటాయి. ఏడాది తిరిగాక ఆడిటరు వాటికి "నాన్ మూవింగ్" అని పేరు పెడతాడు.

ఇక తేదీ. ఏది ఆగే తేదీ అది? కొనడమా, బిగించడమా, అమ్మడమా? ఈ ప్రశ్నని దాటేస్తే ఏమవుతుందో 2017లో దేశమంతా చూసింది. ఏప్రిల్ 1 నుంచి కొత్త కాలుష్య ప్రమాణం బీఎస్-4 అని వాహన కంపెనీలన్నిటికీ ముందే తెలుసు. ఆగేది పాత బీఎస్-3 బళ్ల తయారీయే, అమ్మకం కాదని అవి తమకు అనుకూలంగా చదువుకున్నాయి. మార్చి 29న సుప్రీంకోర్టు అమ్మకమూ ఆగాల్సిందేనంది. అప్పటికి 8 లక్షలకు పైగా బీఎస్-3 బళ్లు అమ్ముడవక ఉన్నాయి. మిగిలిన రెండు రోజులూ షోరూముల ముందు జనం బారులు తీరారు, బైకుల మీద వేలకు వేలు తగ్గించి ఇచ్చారు. అంతంత పెద్ద కంపెనీలే తేదీని అలా చదివితే, మన ప్లానరు "31-03" అని కొట్టి ఇంటికెళ్లడంలో వింతేముంది?

చిప్పుల వాళ్లు కాస్త నయం. ఆపేసే ముందు నోటీసిచ్చి, చివరి ఆర్డరుకి కనీసం 6 నెలలు, చివరి సరఫరాకి 12 నెలలు గడువివ్వాలని ఆ పరిశ్రమకి ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం ఉంది. నోటీసూ వస్తుంది. రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన పర్చేజ్ ఆఫీసరు మెయిల్‌కి వస్తుంది! గడువు దాటాక మెలకువొచ్చి కోఠి గుజరాతీ గల్లీకి, అక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పరుగు. అక్కడ దొరికినదాని మీద నెంబరు గీకి కొత్తగా అచ్చేశారో లేదో దేవుడికెరుక. ఈ తంటా చిన్న షెడ్డులకే అనుకోకండి. 1978 నాటి ఇంటెల్ 8086 చిప్పుల కోసం 2002లో నాసా ఈబేలో వెతుక్కుంది. స్పేస్ షటిల్ బూస్టర్లని పరీక్షించే పరికరాలకి అవి కావాల్సొచ్చాయి. కనీసం వాళ్లు "సేమ్ టు సేమ్" అని ఇంకోటి బిగించి రాకెట్టు వదల్లేదు.

నాదొకటే డిమాండు. ఆ మూడు గడులు నింపినవారు, కింద సంతకం పెట్టినవారు, గడువు తేదీ మర్నాడు ఫస్ట్ షిఫ్టులో అసెంబ్లీ బెంచి దగ్గరికి రావాలి. మొదటి ప్యానెలు తమ చేతులతోనే బిగించాలి. స్క్రూడ్రైవరు ఫిట్టరు ఇస్తాడు. ఏసీ ఉండదు.