వార్మ్ గ్రే బావగారు

తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చాడు. తండ్రి చిన్న సర్కారీ ఉద్యోగం చేసి క్వార్టర్లోనే రిటైరయ్యారు. కొడుకు గారాచర్మలో సొంతిల్లు కట్టాడు. ఆ మూడోతరం కొడుకే మన వార్మ్ గ్రే బావగారు. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారినా, మన తెలుగువాళ్లలో ఇలాంటి బావగార్లు మాత్రం మారలేదు. వీధికొకరు తగులుతూనే ఉంటారు.

గుర్తుపట్టడం తేలిక. ఎవరింటికి వెళ్లినా మనుషుల కంటే ముందు గోడను పలకరిస్తారు. అరచేత్తో నిమిరి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, "ఇందులో పింక్ ఉంది" అని తేల్చాకే కుర్చీలో కూర్చుంటారు. పాపం, ఇంటివాళ్లు అన్నాళ్లూ దాన్ని తెల్లగోడే అనుకుంటూ బతికారు.

ఆయనకిది గచ్చిబౌలిలో అంటుకుంది. మేనల్లుడి ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లారు. హాలు గ్రే, సోఫా గ్రే, కర్టెన్లు గ్రే. ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదట. కుక్కర్ కూడా మర్యాదగా కూసిందట. మా అక్కకీ తనకీ ఇన్నేళ్లుగా జరుగుతున్న వాగ్వాదాలకు కారణం గోడల చిలకపచ్చేనని అక్కడ ఆయనకు స్ఫురించింది. తిరుగు ప్రయాణం విశాఖ నుంచి ఓడలో. పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు సముద్రం, దాదాపు మూడు రోజులు. తోటివాళ్లు నిమ్మకాయలు వాసన చూస్తూ పడుకుంటే, ఈయన రెయిలింగ్ దగ్గర షేడ్ కార్డు విసనకర్రలా విప్పి బంగాళాఖాతంతో పోల్చి చూశారు. బంగాళాఖాతం కూల్ గ్రే. పనికిరాదన్నారు.

ఆయన విద్యను మాత్రం తక్కువ చేయకూడదు. తెల్లరంగులో నలుపు కలిపితే వచ్చే గ్రే చాలావరకు నీలం వైపు ఒరుగుతుంది. అందులో పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్ కాస్త పడితే ఆ చల్లదనం విరిగి వార్మ్ అవుతుంది. ఎక్కువైతే బురద, తక్కువైతే ఆసుపత్రి. గోడ ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. కటిక నలుపు సున్నా, పరమ తెలుపు వంద. అబర్దీన్ బజార్లో రంగుల దుకాణానికి వెళ్లి "అరవైకి దగ్గర్లో, అండర్‌టోన్ పసుపుండాలి, పింక్ ఉండకూడదు" అని హిందీలో చెప్పారు. దుకాణదారు ఓపికగా విని, "అందర్ కా యా బాహర్ కా?" అని అడిగాడు.

తర్వాత శాంపిల్ డబ్బాలొచ్చాయి. హాలు గోడ మీద అరచేతి వెడల్పున మచ్చలు వెలిశాయి. ప్రతి మచ్చ పక్కనా పెన్సిల్‌తో షేడ్ నంబరు. పండక్కి ముందు అక్క గోడ తుడిచింది. నంబర్లు పోయాయి, మచ్చలు మిగిలాయి. ఏది ఏదో చెప్పమంటే అక్క "అన్నీ ఒకటే కదండీ" అంది. ఆయన రెండు పూటలు భోజనం చేయలేదు. ఆమె కోరిక మొదట్నుంచీ లేత పిస్తా. ఆ కోరికకు ఆ ఇంట్లో ఎల్‌ఆర్‌వీ సున్నా.

ఒక ఆదివారం ప్రకృతిలోనే అసలు షేడ్ దొరుకుతుందని వండూరు బీచికి బయల్దేరదీశారు. 2004 సునామీకి కూలిన చెట్లు అక్కడ ఇసుకలో పడి, ఎండకూ ఉప్పుకూ బెరడు ఊడి, మెత్తని బూడిద వన్నెకు తిరిగాయి. బావగారు ఒక మాను ముందు మోకాళ్ల మీద కూర్చుని షేడ్ కార్డు దాని మీద ఆనించారు. "చూడు! పసుపుంది, పింక్ లేదు!" అని కేక. ఇంకో మాను, ఇంకో కేక. అలా మాను వెంట మాను పట్టుకుని నీళ్ల దాకా పోయేసరికి గార్డు ఈలేశాడు. మొసళ్లున్నాయని బోర్డు పెట్టి ఉంది. ఉప్పునీటి మొసలంటే అక్కడ నవ్వులాట కాదు. అక్క గుండె పట్టుకుని ఆయన్ని వెనక్కి లాగింది. తిరుగు దారిలో చాలాసేపు మాట్లాడలేదాయన. ఇల్లు దగ్గరపడ్డాక మెల్లిగా అన్నారు: "మొసలి వార్మేనంటావా?"

చివరికి ఒక నంబరు ఖాయమైంది. పుట్టీ, ప్రైమరు, రెండు కోటింగులు. వానలు లేని ఫిబ్రవరిలోనే వేయించారు, అందులో తెలివి ఉంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో గోడ ఆరడం కూడా అదృష్టమే. మేస్త్రీ నిచ్చెన దిగాడు. బావగారు కన్ను మూసి చూశారు. గోడ ఆకుపచ్చగా ఉంది.

దుకాణం మోసం చేయలేదు. కిటికీ అవతల పోక చెట్లు, పనస. ఎండ ఆ ఆకుల మీద పడి లోపలికొస్తుంది. ఇవతల చాతం రంపపు మిల్లు పడాక్ కలపతో చేయించిన దివాన్. 1883 నాటి మిల్లు కలప, ఇంటికే గౌరవం. కానీ పడాక్ ఎరుపు, ఎరుపు పక్కన గ్రే పెడితే మన కంటికి పచ్చగా అవుపిస్తుంది. పారిస్ గోబెలిన్ అద్దకపుశాలలో షెవ్రెల్ అనే రసాయనవేత్త దీని మీదే 1839లో పెద్ద పుస్తకం వేశాడు. నల్లదారం వెలవెలబోతోందని నేతగాళ్లు గోల పెడితే, తప్పు దారానిది కాదు పక్కనున్న రంగులదని తేల్చాడు. ఈ కథ బావగారికి చెప్పి నేను పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. ఆయన దివాన్‌కి దుప్పటి కప్పారు. ఇప్పుడు ఆ ఇంట్లో పడాక్ చూడాలంటే ఆయన బజారుకెళ్లేదాకా ఆగాలి.

ఇంకో చిక్కు గడియారంది. మనకూ విశాఖకూ టైము ఒకటే, సూర్యుడు మాత్రం ఇక్కడికి ముందొచ్చి ముందు వెళ్లిపోతాడు. డిసెంబరులో ఐదున్నరకల్లా చీకటి. ఆఫీసు నుంచి వచ్చే మనిషి తన గోడను పగటి వెలుతుర్లో చూసేది సెలవు రోజుల్లోనే. మిగతా రోజులు బల్బు కింద. 6500 కెల్విన్ తెల్ల ట్యూబు వేస్తే గోడ శవపేటిక. 2700 కెల్విన్ పసుపు బల్బు వేస్తే గోడ బంగారం, కానీ పిల్లలకు పుస్తకంలో అక్షరం కనిపించదు. బావగారు బంగారం వైపు మొగ్గారు. పిల్లలు వరండాలో చదువుకుంటున్నారు.

చుట్టాలొస్తే సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్, హేవ్‌లాక్ తిప్పి తెచ్చి, చివరగా హాల్లో గోడకెదురుగా కూర్చోబెడతారు. "ఏమనిపిస్తోంది?" అంటారు. "బాగుందండీ, చల్లగా" అన్నవాళ్లకు ఆ రోజు కాఫీ ఆలస్యం. జంగ్లీఘాట్ నుంచి చేపలు తెచ్చే అమ్మకు ఈ భయాలేమీ లేవు. తట్ట దించుకుంటూ లోపలికి తొంగి చూసి, "ఇంకా రంగెయ్యనేదేటి బాబూ? సిమెంటు అలాగే ఒగ్గేసినారు" అంది. ఆ వారం బావగారు చేపలు ముట్టలేదు.

నాకు తోచింది చెబుతాను. చిలకపచ్చ వేసినవాణ్ణి చిలకపచ్చ అంటారు, గులాబీ వేసినవాణ్ణి గులాబీ అంటారు. వార్మ్ గ్రే వేసినవాణ్ణి ఏమనాలో ఎవరికీ తెలియదు. ఆ ధైర్యంతోనే ఇన్ని వేలు పోస్తారు. కానీ జూన్ వస్తుంది. ఉత్తరపు గోడ మూలన నల్లచుక్కలు పొడుస్తాయి. బూజంటే ఆయన ఒప్పుకోరు, "అండర్‌టోన్ బయటికొస్తోంది" అంటారు. అర్ధరాత్రి లేచి బ్లీచింగ్ నీళ్లతో తుడవడం అక్క చూసింది.

ఈ మధ్య ఎదురింటివాళ్లు కూడా రంగు వేయించుకున్నారు. షేడ్ కార్డు లేదు, నంబరు లేదు. మన వైపు మేస్త్రీయే, బకెట్టు తెల్లరంగులో నల్ల స్టెయినరు కాస్త, పసుపు కాస్త, ఎరుపు ఇంకాస్త పిండి కర్రతో తిప్పాడు. మధ్యాహ్నం బావగారు వెళ్లి ఆ గోడ ముందు నిలబడ్డారు. నిమిరారు. వెనక్కి జరిగారు. ఒక కన్ను మూశారు, తర్వాత రెండోది మూశారు. పింక్ లేదు, పచ్చ లేదు, నీలం లేదు.

"పసుపు ఎంత కలిపావయ్యా?"

"చేతికొచ్చినంత ఏసినాను బాబూ."

బావగారు జేబులోంచి డైరీ తీశారు. "చేతికొచ్చినంత అంటే ఎన్ని మిల్లీలీటర్లు?"