తొమ్మిది పాయింట్ల కెమెరా కథ

ఈ కెమెరా పేరు కెనాన్ 1500డి. 2018లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. బ్రహ్మంగారిమఠంలో ఒక చిన్న స్టూడియోలో ఉంటోంది. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టు వెంట్రుకలు, నిశ్చితార్థాలు ఏడాది పొడుగునా ఉండేవే. అసలు పరీక్ష వైశాఖంలో వస్తుంది. 1693లో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సజీవ సమాధిలోకి వెళ్లిన రోజుగా వైశాఖ శుద్ధ దశమికి ఇక్కడ ఆరాధన చేస్తారు. వీధులు జనంతో కిక్కిరిసిపోతాయి.

ఆ రద్దీలోనే ఈ కెమెరా బలహీనత బయటపడుతుంది. వ్యూఫైండర్లో తొమ్మిది ఫోకస్ పాయింట్లున్నాయి. వాటిని ఆటోలో వదిలేస్తే ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాయే తేల్చుకుంటుంది. ఎవరి ముఖం ముఖ్యమో దానికి తెలియదు. మామూలుగా అది పాయింట్ల కింద పడినవాటిలో దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. దండం పెట్టుకుంటున్న అవ్వను తీయబోతే, నడుమ ఎవరో ఎత్తిన చేయి స్పష్టంగా పడి, అవ్వ ముఖం మసకబారుతుంది.

"పాయింటు అవ్వ కంటి మీద పెట్టు అబ్బీ," అంటాడు స్టూడియో యజమాని, పక్కనున్న కుర్రాడితో.

పెట్టడం కష్టమేమీ కాదు. వెనకవైపు కుడి పైమూలనున్న బటన్ నొక్కి, బాణం కీలతో కావలసిన పాయింటుకు పోవాలి. సెట్ నొక్కితే నడిమి పాయింటుకూ, మళ్లీ నొక్కితే ఆటోకూ మారుతుంది. అయితే తొమ్మిదీ ఒకే బలం ఉన్నవి కావు. లెన్సులోంచి వచ్చిన వెలుగులో కొంత, పెద్ద అద్దం నడుమ నుంచి దూరి, వెనకనున్న చిన్న అద్దం మీద పడి, అడుగునున్న ఫోకస్ సెన్సారుకు దిగుతుంది. లెన్సు రెండు పక్కల నుంచి వచ్చిన వెలుగు అక్కడ రెండు బొమ్మలుగా పడుతుంది. వాటి మధ్య ఎడాన్ని బట్టి లెన్సు ఎటు జరగాలో, ఎంత జరగాలో కెమెరా లెక్కగడుతుంది. నడిమి పాయింటు క్రాస్ టైపు కాబట్టి నిలువు గీతలూ అడ్డగీతలూ రెండూ దానికి అందుతాయి. మిగతా ఎనిమిదీ ఒక దిక్కు గీతలనే గట్టిగా పట్టుకుంటాయి. అందుకే దీపాల వెలుతురులో యజమాని వేలు నడిమి పాయింటును వదలదు.

పగలు 50 ఎంఎం లెన్సు బిగించి, ఎఫ్/1.8 దగ్గర తీసేటప్పుడు మాత్రం అతని పద్ధతి వేరు. మీటరున్నర దూరంలో ఆ లెన్సుకు స్పష్టంగా అందే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. నడిమి పాయింటుతో కంటిని పట్టి, ఫ్రేము కోసం కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ కంటికన్నా 2 సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. మనిషి ఊపిరి తీస్తూ కాస్త ఊగినా మిగిలిన ఆ కాస్త వెసులుబాటూ పోతుంది. అతను కెమెరాను నిలువుగా పట్టుకుంటాడు. అప్పుడు పక్క చివరనున్న పాయింటు పైకి వస్తుంది. దాన్ని ఎంచుకుని సరిగ్గా అవ్వ కనురెప్ప అంచున నిలుపుతాడు. ముడతలు, రెప్పవెంట్రుకలు, నుదుటి మీద విభూతి గీతలు దేనికది తెలుస్తాయి. ఈ కెమెరా తీసినవాటిలో గోడకెక్కదగ్గ ఫొటోలు ఇలా వచ్చినవే.

ఇలా పాయింటు ఎంచుకునే వీలు మునుపటి కెమెరాలన్నిటికీ లేదు. 1985లో వచ్చిన మినోల్టా 7000కు ఉన్నది ఒకే పాయింటు, అదీ నడుమన. 1992లో కెనాన్ ఈఓఎస్ 5 ఐదు పాయింట్లతో వచ్చింది. ఫొటోగ్రాఫరు కన్ను ఏ పాయింటు వైపు చూస్తే దాన్నే ఎంచుకునేది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు కళ్లను తామే వెతుక్కుంటాయి. కానీ వంద ముఖాలున్న ఆరాధన వీధిలో ఎవరి కన్నో వాటికీ మనిషే చూపించాలి.

తెలుగుగంగ నీళ్లు నిలిచే బ్రహ్మంసాగర్ దగ్గర లెక్క తిరగబడుతుంది. ఎగిరే కొంగను ఒక్క పాయింటులో నిలపడం చేయి తిరిగినవాళ్లకూ కష్టమే. అక్కడ యజమాని, కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే ఏఐ సర్వో పెట్టి, తొమ్మిది పాయింట్లనూ తెరిచి ఉంచుతాడు. మొదట నడిమి పాయింటు కొంగను పట్టుకుంటుంది. అది పక్కకు జరిగితే అక్కడున్న మరో పాయింటు అందుకుంటుంది. వెనకంతా ఖాళీ ఆకాశమే కాబట్టి, కొంగ ఆ తొమ్మిదింటి పరిధి దాటనంతవరకూ ఫోకస్ తప్పే అవకాశం తక్కువ.