టిన్ను నీళ్లు

వాహన పూజ రేపనగా, విశాఖ నుంచి కొత్త కారులో వచ్చిన మా పక్కింటి కుర్రాడు పొద్దున్నే చక్రాల ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. కవిటి దగ్గర కొబ్బరితోటల ఊరు మాది. ఇది 2022 దసరా నాటి మాట. హిరమండలం నుంచి మా ఉద్దానానికి పైపుల్లో తాగడానికి వంశధార నీళ్లు వదిలింది ఆ మరుసటేడు డిసెంబరులో.

వాడి పనితనం చూస్తే ముచ్చటేసింది. బండి బాగా చల్లారాకే చెయ్యి వేశాడు. వేడి చక్రం మీద సబ్బునీళ్లు పడితే అక్కడికక్కడే ఆరి మరకలు కడతాయట. అల్లాయ్ వీల్స్ మీద పేరుకునే నల్లటి పొడి, బ్రేకు వేసినప్పుడల్లా డిస్కూ ప్యాడూ అరిగి రాలే రజనట. అందులో ఇనుమే ఎక్కువ. వదిలేస్తే తుప్పుచుక్కలై అంటుకుపోతుంది. మా సముద్రపు గాలికి మరీను! మట్టి వదిలేదాకా నీళ్లు కొట్టి, షాంపూ నురగలో మెత్తటి బ్రష్ తిప్పి, నట్ల సందుల్లోకి పాత టూత్‌బ్రష్ దూర్చాడు. యాసిడ్ జోలికే పోలేదు. చక్రాలు తుడిచిన గుడ్డను కారు ఒంటికి తగలనివ్వలేదు, గీతలు పడతాయని. తడి ఆరాక వ్యాక్స్ పలచగా రాసి, అది మసకబారాక రుద్దితే చక్రంలో కొబ్బరిమట్టలు కనిపించాయి. ఇకమీదట దుమ్ము నీళ్లకే జారిపోతుందన్నాడు. డిస్కుకు మాత్రం వ్యాక్స్ అంటకూడదు, బ్రేకు పట్టదు.

రెండో చక్రం కడగడానికి ఇరవై లీటర్ల టిన్ను ఎత్తేసరికి వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"తాగే నీళ్లు సెక్రాలకేటిరా? బోరుంది కదా!"

"బోరు నీళ్లు వీటికి పడవమ్మా. సున్నం ఎక్కువ. ఇదిగో, నిన్న సాయంత్రం వాటితో కడిగిన చక్రం చూడు."

అల్లాయ్ నిండా తెల్లటి చుక్కలు. ఆవిడ వంగి గోటితో గీకింది. రాలేదు.

"రోజూ ఇవే పోస్తే పొరలా పేరుకుపోతుంది. పైన మెరుపంతా పోతుంది."

ఆవిడ పెనిమిటికి కిడ్నీలు పాడయ్యాయి. సోంపేటలో డయాలిసిస్ చేయించుకుంటూ, తిత్లీ తుపాను వచ్చిన మరుసటేడు పోయాడు. ఆ ఇంట్లో టిన్ను నీళ్లు కొనడం ఆ తర్వాతే మొదలైంది. ఉద్దానంలోని ఈ కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లేనని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చారు, రక్తం తీసుకున్నారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. అయినా అనుమానం అనుమానంగానే ఉంది.

కుర్రాడు టిన్ను మూత తీశాడు. ఆవిడ ఇంకా ఆ తెల్ల చుక్కల మీదే వేలు పెట్టి ఉంది.

"సెక్రానికే పడని నీళ్లట! ముప్పయ్యేళ్లు నా సేత్తో మీ అయ్యకి అవే ముంచి ఇచ్చినాన్రా బాబూ."