చెయ్యి తడవకుండా ఆత్మశోధన

మొన్న నాకు 59 నిండాయి. పెబ్బేరులోనే పుట్టాను, ఇక్కడే ఉపదేశి దగ్గర జపాలు నేర్చుకున్నాను. విశ్వాసం నేర్పిన పాఠం ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు. పుట్టినరోజు వచ్చిందంటే చాలామంది ఏం చేశాను, ఎవరిని నొప్పించాను అని తల పట్టుకుని కూర్చుంటారు. అంత కష్టం అక్కర్లేదు. కింద రాసినట్టు చేయండి.

1. ముందు వాయిదా వేయండి. తిరుసభ పండుగ చేసే పుట్టినరోజులు మూడే: డిసెంబర్ 25న ఏసుప్రభువుది, సెప్టెంబర్ 8న మరియమాతది, జూన్ 24న స్నాపక యోహానుది. మిగతా పునీతుల్లో చాలామందికి చనిపోయిన రోజే పండుగ. ఆ ముగ్గురిలో మనం లేము కదా! మారాల్సింది ఏదన్నా ఉంటే ఆ చివరి రోజున మారండి.

2. పాపసంకీర్తనం ఎలా చేయాలో పెబ్బేరు సంతలో నేర్చుకోండి. శనివారం పొద్దున్నే పోయి ఎద్దుల బేరం దగ్గర నిలబడండి. కొనేవాడు ఎద్దు మూతి పట్టుకుని, కింది పెదవి లాగి పళ్ళు లెక్కపెడతాడు. రెండా, నాలుగా, ఆరా? ఎనిమిదీ వచ్చేశాయంటే ఇక అరుగుదల చూసి వయసు ఊహించుకోవాల్సిందే. పని తెలిసిన అమ్మకందారు కొమ్ములకు నూనె రాస్తాడు, నున్నగా తోమిన పక్కను జనం వైపు తిప్పుతాడు, కుంటికాలి పక్కను గోడ వైపు ఉంచుతాడు. మీరూ అంతే చేయండి. ఆదివారం పూజ తప్పింది, జపమాల మధ్యలో కునుకు పట్టింది, మనవడిని కసిరాను: ఇవన్నీ నున్నటి పక్క. వరసగా, కాస్త గొంతు వణికించి చెప్పండి. 2009 అక్టోబర్‌లో కృష్ణ పొంగి మా చేను గెట్టు కొట్టుకుపోయింది. మళ్ళీ వేసింది నేనే, తమ్ముడి వైపు రెండు గజాలు జరిపి. అది గోడ వైపు పక్క. పదహారేళ్ళు దాటినా ఏ ఫాదర్ గారికీ ఆ కాలు కనపడలేదు.

3. అయినా భయమనిపిస్తే గుణదల పోండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మాత ఉత్సవాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడి గురువుకు మీరెవరో తెలియదు, మీ తమ్ముడెవరో అంతకన్నా తెలియదు. మూడు మంగళవార్త జపాలతో బయటపడతారు.

4. వయసును వాడుకోండి. 59 నిండితే ఉపవాసం బాధ్యత తీరిపోతుందని తిరుసభ చట్టమే చెబుతోంది. విభూది బుధవారం తెల్లారగానే ఇడ్లీ తినండి. మాంసం మానడం మాత్రం ఏ వయసుకూ తప్పదు, కానీ చేప మాంసం లెక్కలోకి రాదు. శుభ శుక్రవారం జూరాల దాకా పోయి, కట్ట దగ్గర వేడివేడి చేప వేపుడు కడుపునిండా తిని రండి. నియమం వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

5. క్షమించడానికి ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రభువు పేతురుకు చెప్పిన లెక్క ఏడు డెబ్బైలు, అంటే 490. అక్కడిదాకా క్షమించక తప్పదు కాబట్టి లెక్కను తొందరగా నింపండి. తమ్ముడు దారిలో ఎదురై మొహం తిప్పుకున్నాడా, ఒకటి. వాళ్ళ కోడి మన దొడ్లోకి వచ్చిందా, ఇంకొకటి. మరదలు బోరు దగ్గర గట్టిగా దగ్గితే అదీ రాయండి. రోజుకు రెండు చొప్పున వేసుకున్నా ఎనిమిది నెలల్లో అయిపోతుంది. నాది పోయిన శ్రావణంలోనే నిండింది. 491 నుంచి మనకు ఏ బాధ్యతా లేదు.

6. ద్రాక్షతోట కూలీలను మరిచిపోకండి. పొద్దున్నే వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ ఒకటే కూలి ఇచ్చాడు యజమాని. పొద్దున్నే ఎవరు పోతారు?

7. జక్కయ్య కథ చదివే ఆదివారం మాత్రం గుడికి పోకండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడాయన. రెండు గజాలకు ఎనిమిది గజాలు! వినకపోతే గొడవే లేదు.

ఇవన్నీ పాటించి మొన్న పుట్టినరోజు చేసుకున్నాను. గెట్టు పెట్టినచోటే ఉంది. తమ్ముడు రాలేదు, వాళ్ళ పిల్లలూ రాలేదు. మా వాడు బెంగళూరులో ఉంటాడు. 44వ నంబరు రోడ్డు మీద బస్సెక్కితే నేరుగా ఊళ్ళోనే దిగొచ్చు, కానీ ఫోన్‌లోనే చెప్పేశాడు. కిలో కేకు తెప్పించాను. ఒక్క ముక్క కూడా గడప దాటలేదు, మూడు రోజులు నేనే తిన్నాను, చివరికి కొంచెం పులిసింది. మీరు ఈ ఏడే మొదలుపెట్టండి. వచ్చే పుట్టినరోజుకు అరకిలో చెప్పండి, సరిపోతుంది.