కాన్పుల రిజిస్టరు

హైదరాబాదులో ఒక ఆసుపత్రి లేబర్ రూమ్ బల్ల మీద ఉండే కాన్పుల రిజిస్టరును నేను. తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు, ఎన్ని వారాలు, నార్మలా సిజేరియనా, బిడ్డ బరువెంత, పుట్టగానే ఏడ్చిందా... లోకంలోకి వచ్చిన ప్రతి బిడ్డకూ నాలో ఒక వరుస ఉంటుంది. రాసేది సిస్టర్లు. అర్ధరాత్రి ముగ్గురికి ఒకేసారి నొప్పులొస్తే నా వంతు తెల్లవారాకే. అందుకు వాళ్ళను నేనెన్నడూ తప్పుపట్టను.

నెలాఖరున ఎవరో వచ్చి మొత్తాలు కూడుకుని పోయేవారు. మా విభాగానికి డేటా అనలిస్టుగా ఒకమ్మాయి వచ్చాకే నన్ను వరుసవరుసా చదివే మనిషి దొరికింది.

ఆమె కన్ను మొదట బరువుల మీద పడింది. 2.5, 3, మళ్ళీ 2.5.

"ఇంతమంది సరిగ్గా రెండున్నర కిలోలే ఉంటారా సిస్టర్?"

"గ్రాములు చూసే తీరికెక్కడిదమ్మా!"

రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. 2 కిలోల 460 గ్రాముల బిడ్డను 2.5 అని రాస్తే ఆ జాబితాలోంచి జారిపోతుంది. ఒంటికి వెచ్చదనం, పాలు సరిగా తాగుతోందా అన్న గమనింపు ఎక్కువ కావలసింది ఆ బిడ్డకే. నా గడిలోని చిన్న సౌకర్యం ఒక పసికందుకు నష్టమని తెలిసి బాధపడ్డాను.

అంతకన్నా పెద్ద పని సిజేరియన్లది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. నెలవారీ మీటింగులో "మన శాతమెంత?" అని పెద్ద డాక్టరమ్మ అడిగేవారు, ఎవరో ఒక అంకె చెప్పేవారు, అందరూ లేచిపోయేవారు. ఎవరికి కోశారో, ఎందుకు కోశారో ఆ అంకె చెప్పదు.

ఆ అమ్మాయి తల్లులను పది గుంపులుగా విడదీయడం మొదలుపెట్టింది. మైకేల్ రాబ్సన్ అనే డాక్టరు 2001లో ప్రతిపాదించిన పద్ధతి అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దాన్నే వాడమంది. తొలిచూలా, ముందు సిజేరియన్ అయిందా, వారాలు నిండాయా, కవలలా, బిడ్డ ఎలా తిరిగి ఉంది, నొప్పులు ఎలా మొదలయ్యాయి... ఇవి తెలిస్తే ప్రతి తల్లీ ఏదో ఒక గుంపులోనే పడుతుంది. రాతలోని పొరపాట్లూ ఇందులోనే బయటపడతాయి. బిడ్డ అడ్డంగా ఉన్నవాళ్ళది తొమ్మిదో గుంపు, వాళ్ళకు ఆపరేషన్ తప్పదు. ఆ గుంపులో "నార్మల్" అని కనిపించేసరికి కేసు షీట్లు తెప్పించి చూసింది. కొన్ని ఎదురుకాళ్ళ కాన్పులు. అడ్డం అని రాసేశారు.

అన్నిటికన్నా బరువైనది అయిదో గుంపు, ముందే ఒకసారైనా కోత పడినవాళ్ళది. వాళ్ళ సంగతి తొలి కాన్పునాడే సగం తేలిపోయింది. కాబట్టి చూడవలసింది తొలిచూలు తల్లులను. వాళ్ళకు నొప్పులు వాటంతటవే వచ్చాయా, మందిచ్చి తెప్పించారా, రాకముందే కోశారా? నాలో ఆ గడే లేదు! మంచిరోజుల్లో ఆపరేషన్లు ఒకదాని వెంట ఒకటి జరగడం నా పేజీల్లో కనిపిస్తుంది గానీ, కారణం గడిలో ముహూర్తం అన్న మాట ఎవరూ రాయరు.

కొత్త గడి అనగానే హెడ్ సిస్టర్ ఒప్పుకోలేదు. "ఉన్నవే నింపలేక చస్తున్నామమ్మా." నిజమే. ఆ అమ్మాయి వాదించలేదు. ఒక రాత్రి డ్యూటీ అంతా లేబర్ రూమ్‌లో కూర్చుని వాళ్ళు ఏమేం రాస్తున్నారో చూసింది. ఒకే అడ్రసు, ఒకే ఫోన్ నంబరు మూడు పుస్తకాల్లో రాస్తున్నారు. రెండు చోట్ల తీసేయించి, ఆ జాగాలో నొప్పుల గడి అడిగింది. హెడ్ సిస్టర్ సరేనన్నారు.

నా తర్వాతి రిజిస్టరు అచ్చయి వచ్చింది. బరువు గడిలో "గ్రాములు" అని ఉంది. ఈసారి మీటింగులో పెద్ద డాక్టరమ్మ శాతం అడగలేదు. "తొలి కాన్పుకు వచ్చినవాళ్ళలో నొప్పులు రాకముందే ఎందరిని థియేటర్‌కి పంపాం? ఒక్కొక్క కేసూ తీయండి" అన్నారు.